పాత పడవ కొనుగోలు, పరిశీలన

పాత పడవ కొనుగోలు అనగా ఇదివరకే కొన్ని సంవత్సరాలు నీటిపై నడచిన పడవను దాని యజమాని నుండి కొనుట. కొనే ముందు పడవ అడుగును, పక్కబల్లలను, ఇంజనును, పత్రాలను చూచి కొనవలెనా, వదలవలెనా అని తేల్చుకొనుటను పరిశీలన అంటారు. పాశ్చాత్య దేశాలలో ఈ మాట ఎక్కువగా కుటుంబాలు దూరప్రయాణాలకు, విహారానికి వాడుకొనే తెరచాప పడవల విషయంలో వినిపిస్తుంది. అక్కడ కొనుగోలుదారు రుసుము చెల్లించి ఒక స్వతంత్ర సర్వేయరు చేత పడవను పరీక్ష చేయించుకొనుట ఆనవాయితీ. ఆంధ్రప్రదేశ్ తీరంలో అటువంటి విహార పడవలు అరుదు. ఇక్కడ చేతులు మారేవి చేపల పడవలే. బాపట్ల జిల్లాలో రేపల్లెకు దక్షిణాన ఉన్న నిజాంపట్నం రేవులోను, బాపట్లకు సుమారు 9 కి.మీ. దూరంలోని సూర్యలంక తీరంలోను పాత పడవల అమ్మకాలు సర్వసాధారణం. చెక్క కుళ్ళే తీరు, ఇనుము తుప్పుపట్టే తీరు అన్ని సముద్రాలలో ఒకటే కనుక చూడవలసిన విషయాలు విహార పడవకు, చేపల పడవకు చాలావరకు సమానం. తేడా అంతా నష్టం వచ్చినప్పుడు తెలుస్తుంది. విహార పడవ చెడ్డదైతే సెలవులు పాడవుతాయి. చేపల పడవ చెడ్డదైతే అప్పు మిగులుతుంది, ఒక్కొక్కసారి ప్రాణాలే పోతాయి.

నేపథ్యం

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతానికి పడవ కొత్త కాదు. తెనాలి పట్టణం గుండా కృష్ణా డెల్టా కాలువలు మూడు పారుతున్నాయి. దుగ్గిరాల నుండి పెదగంజాం వరకు గల కొమ్మమూరు కాలువ అక్కడ బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. ఈ మార్గాన ఒకప్పుడు సరుకు పడవలు మద్రాసు వరకు నడిచేవి. రైళ్ళు, లారీలు పెరిగిన కొద్దీ ఆ రవాణా క్షీణించింది. 2008లో ప్రకటించిన 4వ జాతీయ జలమార్గంలో కొమ్మమూరు కాలువ కూడా చేరి ఉన్నది.

సముద్రం వైపు నిజాంపట్నం పాత ఓడరేవు. ఐరోపా వర్తకులు దీనిని పెటపోలి అని వ్రాసేవారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారి గ్లోబ్ అనే నౌక ఇక్కడికి వచ్చి, తరువాత మచిలీపట్నం వెళ్ళినది. ప్రస్తుతం ఇది చేపల రేవు. దీని విస్తరణకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగినది.

ఈ రేవులో కనిపించే పడవలు ముఖ్యంగా రెండు తరగతులు. మొదటివి మరపడవలు: చెక్కతో కట్టి, లోపల డీజిల్ ఇంజను అమర్చి, వల లాగే యంత్రం, మంచు పోసే గది గలవి. ఇవి కొద్ది రోజులపాటు సముద్రంలోనే ఉండి వేట చేస్తాయి. రెండవవి ఫైబరు పడవలు: చిన్నవి, తేలికైనవి, వెనుక మోటారు తగిలించుకొని సాధారణంగా ఆ రోజుకారోజు తిరిగి వచ్చేవి. కొనుగోలుదారు ముందుగా తనకు ఏ తరగతి పడవ కావలెనో తేల్చుకోవలెను. చౌకగా వచ్చినదని మరపడవను కొని, దానికి పనివాళ్ళను, డీజిలును సమకూర్చలేక రేవులోనే కట్టివేసిన సందర్భాలు ఈ తీరంలో ఉన్నాయి.

ఎప్పుడు చూడవలెను

తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, మరపడవల వేట, మోటారు పడవల వేట నిషేధం. ఈ కాలంలో పడవలను ఒడ్డుకు లాగి మరమ్మతులు చేస్తారు. అడుగు భాగం పూర్తిగా కనిపించేది అప్పుడే. కాబట్టి నిషేధ కాలమే పరిశీలనకు తగిన అదను అని చాలామంది భావిస్తారు. ఇది సగమే నిజం. ఒడ్డున ఉన్న పడవ తన అడుగును చూపిస్తుంది గాని తన ఇంజనును, తన కారుడును చూపించదు. మార్చి నెలలో, పడవ ఇంకా వేటలో ఉండగా ఒక రోజు దానిలో వెళ్ళి వచ్చి, ఏప్రిల్ మూడవ వారంలో అదే పడవను ఒడ్డున మరల చూచుట అన్నిటికన్న మంచి పద్ధతి.

ఒడ్డుకు లాగే అవకాశం లేనప్పుడు ఆటుపోట్లను వాడుకోవచ్చును. అమావాస్యకు, పౌర్ణమికి పోటు ఎక్కువగా ఎక్కి, పాటు ఎక్కువగా తీస్తుంది. పోటు మీద పడవను ఏటిగట్టు దగ్గరకు తెచ్చి కడితే, పాటు తీసినప్పుడు అది బురదలో కూర్చుంటుంది. ఒక పక్క అడుగు సుమారు రెండు మూడు గంటలపాటు చూడవచ్చును. రెండవ పక్కకు మరుసటి పాటు వరకు ఆగవలెను. తొందరపడి ఒక పక్క మాత్రమే చూచి బేరం కుదుర్చుకొనరాదు.

కొత్తగా రంగు వేసిన పడవ విషయంలో జాగ్రత్త అవసరం. నిషేధ కాలంలో రంగు వేయుట సహజమే కనుక రంగు ఉన్నంత మాత్రాన మోసమని అనరాదు. అయితే రంగు వేయక ముందు చూడగలిగితే చూడవలెను.

చెక్క పడవ

చెక్క పడవకు ఆయువుపట్టు అడుగున పొడవునా ఉండే వెన్నుదూలం. దాని నుండి రెండు పక్కలకు పక్కటెముకల వంటి వంపు కొయ్యలు లేస్తాయి. వాటికి బల్లలు మేకులతో బిగిస్తారు. బల్లల సందులలో నూలు దూది కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపిన మెత్తని ముద్దను పూస్తారు. టేకు, మద్ది, తుమ్మ వంటి కలపలు వాడుకలో ఉన్నాయి. బల్లలు మార్చవచ్చును, వంపు కొయ్యలు కొన్ని మార్చవచ్చును. వెన్నుదూలం పాడైతే మాత్రం దాదాపు పడవను మరల కట్టినంత పని.

వెన్నుదూలం వంగినదో లేదో తెలుసుకొనుటకు ఒక దారం చాలు. ముందు కొస నుండి వెనుక కొస వరకు దారం బిగించి లాగి పట్టుకొంటే, మధ్యభాగం పైకి ఉబ్బి, రెండు కొసలు కిందికి వాలినట్లు కనిపించవచ్చును. సంవత్సరాల తరబడి బరువైన ఇంజను వెనుక, లంగరు, మోకులు ముందు ఉండుట వలన ఇది జరుగుతుంది. కొద్దిపాటి వంపు పాత పడవలన్నిటిలోను ఉంటుంది. వంపు ఉన్నచోట బల్లల సందులు విచ్చుకొని, మరల మరల దూది కూరిన గుర్తులు కనిపిస్తే అది ఆగిపోయిన వంపు కాదనీ, ఇంకా పెరుగుతున్నదనీ గ్రహించవలెను.

తరువాత చూడవలసినది వెన్నుదూలానికి ఆనుకొని ఉండే మొదటి బల్ల. నీరు కారే పడవలలో తరచుగా దోషం ఇక్కడే ఉంటుంది. మొన గల చిన్న ఉలితో గాని, గోనెసంచులు కుట్టే దబ్బనంతో గాని జానెడు దూరానికి ఒకసారి పొడిచి చూడవలెను. గట్టి కలప దబ్బనాన్ని ఆపుతుంది, వెనక్కి లాగినప్పుడు పట్టుకొంటుంది. కుళ్ళిన కలప మెత్తగా దిగనిచ్చి, నీరు చిమ్ముతుంది. అమ్మేవాని అనుమతి లేకుండా పొడవరాదు. అనుమతి ఇవ్వని పడవ గురించి ఎక్కువసేపు ఆలోచించనక్కరలేదు.

ఉప్పునీటిలో చెక్కను తినే జీవులలో ముఖ్యమైనది టెరిడో. దీనిని ఓడపురుగు అంటారు గాని ఇది పురుగు కాదు, ఆల్చిప్పల జాతికి చెందిన జీవి. పిల్లదశలో గుండుసూది తలంత రంధ్రం చేసుకొని లోపలికి పోతుంది. లోపల పెరుగుతూ వేలు పట్టే సొరంగాలు తొలుస్తుంది. పైకి మాత్రం ఆ సూది రంధ్రమే కనిపిస్తుంది. అందువలన బల్లను చిన్న సుత్తితో తట్టి వినుట అవసరం. గట్టి బల్ల ఖంగుమంటుంది, తొలిచిన బల్ల పుచ్చిన గుమ్మడికాయవలె బొదబొదమంటుంది. మంచినీటిలో టెరిడో బ్రతకదు. పూర్వం పడవలను కొంతకాలం నది ఎగువన మంచినీటిలో ఉంచుటకు, ఒడ్డున ఎండబెట్టి అడుగును మంటతో కాచుటకు కారణం ఇదే. కొన్ని పడవలకు అడుగున లోహపు రేకు గాని, ఫైబరు పొర గాని కప్పుతారు. ఇది మంచి రక్షణే. కాని కొనేవానికి కళ్ళకు గంత కట్టినట్లే, ఎందుకనగా రేకు కింద చెక్క ఎట్లున్నదో తెలియదు. రేకు ఒకటి రెండు చోట్ల విప్పి చూపుమని అడగవలెను.

సాధారణంగా అందరూ ఉప్పునీటిని చూచి భయపడతారు. చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు నిజానికి కావలసినది మంచినీరు. ఉప్పునీటిలో నానిన కలపలో అవి అంతగా పెరగవు. చేపల పడవలో మంచినీరు చేరే చోట్లు రెండు: వర్షపు నీరు దిగే పైబల్లల సందులు, మంచు కరిగే చేపల గది. మంచుగది గోడలలో వేడి ఆపుటకు థర్మాకోల్ పెడతారు. గోడకు పగులు వస్తే మంచు కరిగిన నీరు థర్మాకోల్ వెనుకకు చేరి, అక్కడే నిలిచి, బయటకు కనబడకుండా వంపు కొయ్యలను తినివేస్తుంది. బయటి బల్లలు రాయిలా ఉండి, లోపలి కొయ్యలు చేతితో పిండి అయ్యే పడవలు ఉంటాయి. కాబట్టి పరిశీలన అంతటిలో ఎక్కువ సమయం గడపవలసిన చోటు చేపల గది వెనుక భాగం. అక్కడ వంగి దూరుట కష్టం, వాసన దుర్భరం. చాలామంది వదలివేయుటకు అదే కారణం.

మేకుల చుట్టూ నల్లని మచ్చలు, తుప్పు కారిన చారలు ఉంటే మేకులు లోపల సన్నబడినవని అర్థం. ఒకటి రెండు మేకులు లాగి చూచుట ఉత్తమం. ప్రొపెల్లరు కంచు, దాని దగ్గర బిగింపులు ఇనుము అయినప్పుడు ఉప్పునీరు రెంటి మధ్య విద్యుత్ ఘటంగా పనిచేసి ఇనుమును కరగిస్తుంది. పాఠశాలలో బీకరులో చేసి చూపే ప్రయోగమే పడవ అడుగున రాత్రింబగళ్ళు జరుగుతుందన్నమాట. దీని నివారణకు జింకు దిమ్మెలు బిగిస్తారు. అవి ఇనుముకు బదులు తాము కరుగుతాయి. సగం కరిగిన జింకు దిమ్మె మంచి గుర్తు. చెక్కుచెదరని పాత దిమ్మె ఉంటే దానికి, లోహానికి సంబంధం తెగినదని, అది పనిచేయుట లేదని తెలుసుకోవలెను. అసలు దిమ్మె లేకుంటే ప్రొపెల్లరు కడ్డీని, చుక్కాని బిగింపులను మరింత జాగ్రత్తగా చూడవలెను.

ఫైబరు పడవ

2004 డిసెంబరు 26 సునామీ తరువాత కోరమండల్ తీరంలో ఫైబరు పడవలు పెద్ద సంఖ్యలో పంపిణీ అయినవి. అవసరం తొందరది కావడంతో అన్నిటి నాణ్యత ఒకే విధంగా లేదు. నాటి పడవ ఏదైనా ఇప్పుడు అమ్మకానికి వస్తే దాని వయస్సు ఇరవై ఏళ్ళు.

ఫైబరు కుళ్ళదు అనే మాట పొరలకు వర్తిస్తుంది గాని లోపలి చెక్కకు వర్తించదు. మోటారు తగిలించే వెనుక పలకలో ఫైబరు పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. మోటారు బిగించిన బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి ప్లైవుడ్ నానిపోతుంది. మోటారును రెండు చేతులతో పట్టుకొని పైకి, కిందికి ఊపినప్పుడు పలక కదిలినా, పగుళ్ళ నుండి గోధుమరంగు నీరు చెమ్మగిల్లినా ఆ పలక మార్చవలసినదే. పడవ అంతటా నాణెంతో తట్టి, శబ్దం మారిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవలెను. ఆ చోట పొరలు విడిపోయి ఉంటాయి. సాలెగూడు వలె వ్యాపించిన సన్నని పగుళ్ళు పడవకు దెబ్బ తగిలిన గుర్తులు. అడుగున నీటి బొబ్బలు ఉంటే ఒకటి చిదిమి చూడవచ్చును. పుల్లని వాసన గల ద్రవం వస్తే నీరు పొరలలోనికి పోయినట్లు.

సూర్యలంక వంటి రేవు లేని తీరంలో పడవను రోజూ ఇసుకపై లాగుతారు. ఇసుక ఆకురాయి వలె అడుగును అరగదీస్తుంది. పైపూత పోయి గాజునార బయటపడినదేమో చూడవలెను. కూర్చునే బల్లల కింద మూసివేసిన గదులలో నురుగు నింపిన పడవలు నీరు పీల్చి బరువెక్కుతాయి. అదే కొలత గల మరొక పడవ పక్కన దీనిని తేల్చి, ఏది ఎంత మునిగినదో పోల్చితే సరిపోతుంది.

ఇంజను

మరపడవలలో అశోక్ లేలాండ్, కిర్లోస్కర్ వంటి కంపెనీల డీజిల్ ఇంజన్లు కనిపిస్తాయి. లారీ ఇంజనును సముద్రానికి అనువుగా మార్చి వాడుట కూడా ఉన్నది. పరిశీలనకు వెళ్ళగానే ఇంజనుపై చేయి పెట్టి చూడవలెను. అప్పటికే వేడిగా ఉంటే చల్లబడిన తరువాత మరల వస్తానని చెప్పుట మేలు, ఏలననగా అరిగిన ఇంజను దోషం చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టుటలోనే బయటపడుతుంది.

పొగ రంగు చాలా విషయాలు చెబుతుంది. నల్లని పొగ గాలి చాలకపోవుటకు గాని, ఇంజనుపై మోయలేని భారం పడుటకు గాని గుర్తు. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నది. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే డీజిలు సరిగా మండుట లేదు, లేదా నీరు లోపలికి పోతున్నది. ఆయిలు పుల్ల తీసి చూచినప్పుడు ఆయిలు పాలు కలిసిన టీ రంగులో ఉంటే నీరు కలిసినదని నిశ్చయం. ఆ ఒక్క కారణంతో ధరలో ఇంజను విలువను పూర్తిగా తీసివేసి లెక్క వేయవలెను.

నీటిపై పరీక్ష

పూర్తి వేగంతో కనీసం ఒక గంట నడిపించవలెను. పది నిమిషాలకు వేడెక్కని ఇంజను నలభై నిమిషాలకు వేడెక్కవచ్చును. వెనక్కి నడిపించి గేరు పట్టు చూడవలెను. ప్రొపెల్లరు కడ్డీ పడవలోనికి వచ్చే చోట చుక్కలుగా నీరు పడుట దోషం కాదు, ధారగా పడితే దోషం. బయలుదేరే ముందు అడుగున నీరు పూర్తిగా తోడి, తిరిగి వచ్చిన తరువాత ఎంత చేరినదో బకెట్లతో కొలవవలెను. రెండు నెలలు ఎండిన చెక్క పడవ నీటిలో దిగిన మొదటి రోజు కారుట సహజం. చెక్క నాని ఉబ్బిన తరువాత, అనగా మూడు నాలుగు రోజులకు కూడా కారితే అది అసలు కారుడు.

పడవ నిలకడకు ఒక చిన్న పరీక్ష కలదు. నిశ్చలమైన నీటిలో, మోకులు వదులు చేసి, కొందరు మనుషులు పడవను ఒక పక్కకు ఊపి ఆపివేయవలెను. అది ఒక పక్క నుండి రెండవ పక్కకు పోయి మరల మొదటి పక్కకు వచ్చుటకు ఎన్ని సెకన్లు పట్టినదో లెక్కించవలెను. ఈ సెకన్ల సంఖ్య పడవ వెడల్పు మీటర్ల సంఖ్య కన్న తక్కువగా ఉంటే నిలకడ సాధారణంగా చాలును. ఉదాహరణకు 4.5 మీటర్ల వెడల్పు గల పడవకు నాలుగున్నర సెకన్లు దాటరాదు. బద్ధకంగా, నిదానంగా ఊగే పడవ లోపల కూర్చున్నవారికి సుఖంగా తోస్తుంది గాని ప్రమాదకరమైనది. పాత పడవలపై యజమానులు ఒకరి తరువాత ఒకరు పైగది, పైకప్పు, వల యంత్రం చేర్చుకొంటూ పోవుట వలన ఈ దోషం వస్తుంది. 1977 నవంబరు 19న తుఫాను ముంచిన దివిసీమ ఈ తీరానికి ఎదురుగానే కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్నది. అంతటి గాలికి ఏ చిన్న పడవా నిలువదు నిజమే. మామూలు వాయుగుండంలో మొగ దాటి రేవులోనికి రాగలుగుటకైనా పడవకు నిలకడ ఉండవలెను.

పత్రాలు

పడవకు రిజిస్ట్రేషను, వేటకు మత్స్యశాఖ లైసెన్సు ఉండవలెను. రాష్ట్రంలో వేటను 1994 నాటి సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం నియంత్రిస్తుంది. పడవపై వ్రాసిన సంఖ్య, పత్రంలోని సంఖ్య, ఇంజనుపై చెక్కిన సంఖ్య మూడింటినీ పోల్చి చూడవలెను. మార్చిన ఇంజను పత్రాలకు ఎక్కకపోవుట తరచుగా కనిపించే లోపం. డీజిల్ రాయితీ, నిషేధ కాలపు భృతి వంటివి నమోదైన వివరాలను బట్టి వస్తాయి కనుక స్టాంపు కాగితంపై ఒప్పందం వ్రాసుకొని ఊరుకొనక, మత్స్యశాఖ కార్యాలయంలో పేరు మార్పించుకోవలెను. సబ్సిడీతోను, బ్యాంకు అప్పుతోను వచ్చిన పడవ అయితే అమ్మకంపై షరతులు ఉండవచ్చును. పడవను సముద్రంలో గాక నదిలో, కాలువలో ప్రయాణికులకు నడపదలచినచో దానికి వేరే చట్టం, అనగా 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం వర్తిస్తుంది. చేపల పడవను కొని, పై భాగం మార్చి విహారానికి త్రిప్పుట క్షమించరాని పని. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం ఎవరూ మరువలేదు.

కాగితాలలో కనిపించని అప్పు మరొకటి ఉన్నది. చేపల వ్యాపారి పడవ యజమానికి ముందుగా సొమ్ము ఇచ్చి, ఆ పడవ చేపలు తనకే అమ్మవలెనని మాట తీసుకొంటాడు. పడవ అమ్మినప్పుడు ఆ బాకీ ఎవరు తీర్చవలెనో తేలకపోతే కొత్త యజమాని మొదటి వేట నాడే తగాదా మొదలవుతుంది. రేవులో పెద్దల ఎదుట ఈ సంగతి అడిగి తేల్చుకోవలెను.

ధర, నిర్ణయం

అడిగిన ధర పడవ ఖరీదులో ఒక భాగం మాత్రమే. ఉదాహరణకు అమ్మేవాడు 8 లక్షలు అడిగినాడని అనుకొందాము. అడుగు బల్లలకు 1.4 లక్షలు, ఇంజనుకు 1.2 లక్షలు, చేపల గదికి 60 వేలు అవుతుందని మేస్త్రి చెప్పినాడు. మొత్తం మరమ్మతు 3.2 లక్షలు. బల్లలు విప్పిన తరువాత కనబడే చెడుగుకు మరొక మూడవ వంతు కలుపుకొనుట అనుభవజ్ఞుల పద్ధతి. అప్పుడు మరమ్మతు సుమారు 4.3 లక్షలు, పడవ 12.3 లక్షలు అవుతుంది. పక్క రేవులో గట్టి పడవ 11.5 లక్షలకు దొరికితే అదే చౌక.

వడ్డీ లెక్క కూడా వేయవలెను. 12 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవానికి నెలకు 24 వేలు, నిషేధపు రెండు నెలలకు 48 వేలు వడ్డీయే అవుతుంది. ఆ కాలానికి ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025 నుండి 20 వేలు, అంతకుముందు 10 వేలు. ఏప్రిల్ నెలలో అమ్మేవాడు ధర తగ్గించుటకు కారణం ఈ రెండు నెలల భారం కొనేవాని మీదికి పోవుటే. అందువలన ఏప్రిల్‌లో కొంత బయానా ఇచ్చి, మిగిలిన సొమ్ము జూన్‌లో నీటిపై పరీక్ష తరువాత చెల్లించేటట్లు వ్రాసుకొనుట ఇరువురికీ న్యాయం. పరీక్షలో ఏయే దోషాలు కనిపిస్తే బయానా తిరిగి ఇవ్వవలెనో కూడా ముందే వ్రాయవలెను.

పరిశీలనకు అమ్మేవాడు చూపిన మేస్త్రిని గాక, మరొక ఊరి మేస్త్రిని, మెకానిక్కును వెంట తీసుకొని వెళ్ళి, వారికి పడవ కొన్నా కొనకున్నా ఒకే కూలి ఇవ్వవలెను. కొంటేనే పని దొరుకుతుందని ఆశ ఉన్న మేస్త్రి కొనుమనే చెబుతాడు. ఇది ఆయన తప్పు కాదు, ఏర్పాటులో తప్పు.

వెన్నుదూలం విరిగినా, చేపల గది వెనుక వంపు కొయ్యలు వరుసగా మెత్తబడినా, పడవ నిలకడ లేకపోయినా ధర ఎంత తగ్గించినను కొనరాదు. తక్కినవన్నీ బేరానికి లోబడిన దోషాలు. ఎవరూ కొనని పడవను చివరకు విడగొడతారు. ఇంజను, గేరుపెట్టె, ప్రొపెల్లరు మరొక పడవకు పోతాయి. గట్టిగా మిగిలిన బల్లలు మరమ్మతులకు, తక్కిన కలప వంటచెరకుకు పోతుంది. అమ్మేవాడు ఆ విడి వస్తువుల ధరకన్న తక్కువకు ఎట్లాగూ ఇవ్వడు కనుక బేరం మొదలుపెట్టే ముందు ఆ లెక్కను కూడా మేస్త్రిని అడిగి తెలుసుకోవలెను.